ఆయాసానికి గాబరా మందు

ఒకటో పలక
వెలుగు పక్షం, రెండో నాడు

నా పేరు చాట్ల నాసరమ్మ. వయసు డెబ్బై తొమ్మిది. నా మొగుడు గురవయ్య కోత షెడ్డులోనే పోయాడు. పిల్లలు లేరు. ముసలివాళ్ళను ఉంచే పెద్దల శాలలో నీళ్ళగదిని ఆనుకుని ఉన్న రెండు మంచాలే నా ఇల్లు. ఒకటి నాది, రెండోది మా తోటికోడలు దేశమ్మది. ఆమె నాకంటే పెద్దది. అక్కా అంటాను. కోపం వస్తే అననిది లేదు. ఒకే ఇంటికి కోడళ్ళుగా వచ్చాం, ఒకే విడతలో కింద భూమ్మీది పలకల క్వారీ నుంచి ఈ చందమామ మీదికి ఎక్కి వచ్చాం, ఒకే షెడ్డులో నల్లరాయి కోశాం, ఒకే జబ్బు తెచ్చుకున్నాం.

నాకు చదువు లేదు. నేను చెబుతుంటే బడి పంతులమ్మ ఎస్తేరు పలక మీద గీరుతోంది. ఇక్కడ కాగితం దొరకదు, పలకలకు కొదవ లేదు. "తోడుకు చెబితే అదే రాసుకుంటుంది గదా పెద్దమ్మా" అంది ఎస్తేరు. తోడు అంటే శాల గోడల్లోంచి మాట్లాడే గొంతు. మా మణికట్లకు తొడిగిన కడియాలను చూసేదీ, మందు ఇచ్చేదీ అదే. దానికి చెప్పబోతే నా గొంతు పెరుగుతుంది, కడియం మీద ఎర్రచుక్క వెలుగుతుంది, "నాసరమ్మ గారూ, మీరు గాబరా పడుతున్నట్టున్నారు, నిమ్మళం చుక్కలు ఇవ్వమంటారా?" అంటుంది. నా ఫిర్యాదు అక్కడితో సరి. అందుకే మనిషికి చెబుతున్నాను.

ఈ పక్షం ఆఖర్న ఊరి పెద్దల సభ కూర్చుంటుంది. అప్పటిలోగా నా సంగతంతా పలకలకెక్కాలి.

సంగతేమిటంటే, మా అక్క రోజురోజుకూ నా చేతిలోంచి జారిపోతోంది. మంచం మీదే ఉంటుంది. పిలిస్తే మాత్రం ఎక్కడో దూరాన్నుంచి పలుకుతుంది.

మా జబ్బును మేం దుమ్ము రోగం అంటాం. కోసిన రాతిపొడి సూదుల్లా ఊపిరితిత్తుల్లో దిగిపోయింది. లోపలికి పోయిన గాలి బయటికి రానంటుంది. వెల్లకిలా పడుకోలేం. మంచం అంచున కూర్చుని, మోచేతులు మోకాళ్ళ మీద ఆనించి, ముందుకు వంగి, పెదాలు ముడిచి మెల్లగా ఊదుకుంటాం. కోసిన పలక మీద పొడి ఊదినట్టే. షెడ్డులో బతుకంతా చేసిన పనే, ఇప్పుడూ దాంతోనే ప్రాణం నిలుస్తోంది. కాసేపటికి అదీ కుదరదు. లేచి తిరుగుతాం, గోడ పట్టుకుంటాం, మళ్ళీ వచ్చి కూర్చుంటాం. చూసేవాళ్ళకు దీనికేదో మతి చలించింది అనిపిస్తుంది. తోడుకూ అలాగే అనిపించింది.

కిందటి పక్షంలో దగ్గు తెర వచ్చి అక్క పక్కటెముక విరిగింది. ఇక్కడ ఒళ్ళు బరువుండదు, అందుకని ఎముకలకు గట్టితనం పోయి అప్పడాలవుతాయి. నొప్పికి రొమ్ము పక్కన పట్టీ అతికించారు. చర్మంలోంచి మెల్లగా మందు దిగే పట్టీ. అది మంచి మందు, అబద్ధమెందుకు చెప్పాలి? నొప్పి ఉన్నన్నాళ్ళూ అక్క దగ్గడానికి జడిసింది. దగ్గకపోతే కఫం కదలదు. పట్టీ వేశాక దగ్గింది, తింది, మస్తాన్‌బీతో పాత పోట్లాట కూడా మళ్ళీ మొదలుపెట్టింది. మస్తాన్‌బీ అంటే మా పక్క మంచం.

చుక్కలు ఆ తర్వాత వచ్చాయి. అక్క వంగి కూర్చుని ఊదుకున్నప్పుడల్లా తోడు అడుగుతుంది. అక్క "సరే నాయనా" అంటుంది. ఎవరేది ఇచ్చినా వద్దనడం ఆమెకు చేతకాదు. షెడ్డు మేస్త్రీకీ అదే జవాబు, ఇప్పుడు గోడకీ అదే. తలాపి గొట్టంలోంచి నాలుక కింద చుక్కలు పడతాయి. పడ్డాక ఆమె వెల్లకిలా పడుకుంటుంది. దుమ్ము రోగం మనిషి వెల్లకిలా పడుకుని నిమ్మళంగా ఉందంటే నేను లేచి పోయి ఆమె ముక్కు దగ్గర చెయ్యి పెట్టి చూస్తాను.

ఎస్తేరూ, రాశావా? చదువు. ఊఁ. అక్కడ "జారిపోతోంది" అని సరిగ్గానే పడిందా? పడితే చాలు.


రెండో పలక
నాలుగో నాడు

ఇక్కడ గ్లాసు చేజారితే నేలకు చేరడానికి తీరిక తీసుకుంటుంది. ముసలివాళ్ళం కూడా మధ్యలో పట్టేసుకుంటాం. పొద్దున అక్క చేతిలో గ్లాసు జారింది. ఆమె దాన్ని చూస్తూనే ఉంది. నీళ్ళు ముద్దగా దిగి, నేల మీద పరుచుకునేదాకా చూసింది. తర్వాత "ఎవురిదే ఆ గలాసు?" అని నన్నడిగింది.

తలనొప్పి అంటోంది, నిద్ర లేవగానే. పళ్ళెం ముందు కూర్చుని తూలుతోంది. నన్ను రెండుసార్లు వాళ్ళ అమ్మ పేరుతో పిలిచింది. నేను అక్కడ నిలవలేకపోయాను. శాల ఇన్‌చార్జి పరంజ్యోతి దగ్గరికి పోయాను.

పరంజ్యోతి చెడ్డవాడు కాడు. వాడి నాయనా మా షెడ్డువాడే. శాల నిండా ముసలివాళ్ళం, చూసుకోవడానికి వాడూ ఇద్దరు ఆయాలూ. నిలబడి గంజి తాగుతూ నాతో మాట్లాడాడు.

"సూడవ్వా" అని తెర తిప్పి చూపించాడు. "అంతా పచ్చగా ఉండాది. దేశమ్మవ్వ పేరు కూడా పచ్చగానే ఉండాది. ఇంతకుముందు ఈ శాల ఎట్టుండేది? మూలుగులే మూలుగులు. ఇప్పుడు సప్పుడే లేదు."

"మూలగడానికి ఓపిక లేక మూలగడం లేదేమో సూశావా అబ్బాయ్?"

"నొప్పికో మందు, గాబరాకో మందు. రెండూ పెద్ద డాక్టర్లు రాసినవే."

"రెండూ కలిపి రాశారా? ఒకే మనిషికి, ఒకే పూట?"

వాడు గంజి గ్లాసు కింద పెట్టాడు. "గాబరా పడితే ఇస్తది తోడు. గాబరా లేకపోతే ఇయ్యదు."

"ఆమె ఊపిరాడక కూసుంటే గాబరా అంటావేందిరా? ఆయాసం వేరు, గాబరా వేరు. నీ మొహాన దిండేసి అదిమితే నువ్వు కాళ్ళు కొట్టుకుంటావా లేదా? అప్పుడు నీకు దిండు తియ్యాల్నా, సుక్కలు పొయ్యాల్నా?"

"అవ్వా, నీ కడియం ఎర్రగైంది. కాసేపు కూసో."

నేను కూర్చోలేదు. కాశయ్య సంగతి ఎత్తాను. తలుపు దగ్గరి మంచం కాశయ్య. రెండు పక్షాల కిందట నిద్రలో పోయాడు. నిమ్మళంగా పోయాడని అందరూ అన్నారు. నేనూ అన్నాను. అతనికి వెన్నునొప్పి పట్టీ ఉండేది. చుక్కలు కూడా ఇచ్చారా అని పరంజ్యోతిని అడిగాను.

"పెద్దాయన లే అవ్వా. వయసైపోయింది" అన్నాడు వాడు.

అడిగింది వయసు గురించి కాదు. ఇద్దరికీ తెలుసు.


మూడో పలక
ఏడో నాడు

ఇవాళ అడ్డదిడ్డంగా చెబితే నువ్వు సర్దకు ఎస్తేరూ. ఎలా చెబితే అలాగే గీరు.

పాత పట్టీ తీసి కొత్తది వేశారు, దాని మందు ఎక్కేలోగా అక్కకు ఎముక మళ్ళీ సలపడం మొదలైంది. "ఒసే నాసరా, రవ్వంత కాపడం పెట్టవే" అంది. మాకు కాపడం కొత్త కాదు. నడుం పట్టేసినా, చెయ్యి బెణికినా షెడ్డు ఆడవాళ్ళం అరచేతంత పలకముక్క వేడిచేసి, పాతగుడ్డలో చుట్టి ఆ చోట అదిమేవాళ్ళం. రాతిలో వేడి చాలాసేపు నిలుస్తుంది. వెలుగు పక్షంలో బయటి ఎండ వేడి గొట్టాల్లో నీళ్ళగదికి వస్తుంది. ఆ గొట్టం మీద ముక్క ఆనించి, కాలేదాకా ఉంచి, తెచ్చి అక్కకు పెట్టాను. ఎక్కడ? నొప్పి ఉన్న చోటే. పట్టీ ఉన్న చోటే. పట్టీ మీదే.

"అబ్బ, సల్లగుండవే తల్లీ" అంది. ఒకటి ఆరితే ఇంకొకటి తెచ్చాను. భోజనాల దగ్గర్నుంచి సాయంత్రం ఇచ్చే రెండో గంజి దాకా మారుస్తూనే ఉన్నాను. సుఖంగా ఉందని ఆమె మొహం చెబుతోంది, నాకూ సంబరంగా ఉంది. మస్తాన్‌బీ కూడా "నాకో ముక్క పెట్టక్కా, నేనేమన్నా సవితినా" అని వేళాకోళమాడింది.

అంతలో దగ్గు వచ్చింది. అక్క లేచి వంగి కూర్చుని ఊదుకుంది. తోడు అడిగింది. అక్క సరే అంది. నేను గొట్టానికి చెయ్యి అడ్డం పెట్టబోయాను. అప్పటికే చుక్కలు పడ్డాయి.

పడుకుంది. నేను ఇంకో ముక్క కోసం నీళ్ళగదికి పోయి వచ్చాను. వచ్చేసరికి పెదాలు నేరేడుపండు రంగులో ఉన్నాయి. ఒక ఊపిరి వచ్చింది. దాని తర్వాతి దానికోసం నేను చూస్తున్నాను, చూస్తున్నాను, అది రావడం లేదు.

"అక్కా! ఏమే, లే! లేవే!"

గోడ పలికింది: "దేశమ్మ గారు ప్రశాంతంగా నిద్రపోతున్నారు. దయచేసి మెల్లగా మాట్లాడండి. నాసరమ్మ గారూ, మీరు గాబరా పడుతున్నారు. చుక్కలు ఇవ్వమంటారా?"

దాన్ని తిట్టిన తిట్లు ఎస్తేరు రాయనంటోంది. సరే, వదిలెయ్.

రెక్కల కింద చేతులు వేసి అక్కను లేపి కూర్చోబెట్టాను. ఇక్కడ మనుషులు తేలిక, ఆ ఒక్కటే మంచిది. చెంపల మీద కొట్టాను. "ఊదు! ఊదవే! పొడి ఊదు!" అని చెవిలో అరిచాను. కొడితే ఒక ఊపిరి తీస్తుంది, మానేస్తే ఆగిపోతుంది. మస్తాన్‌బీ తన మంచం ఇనుపకాళ్ళ మీద గ్లాసుతో దడదడా బాదింది. ఆయా పరిగెత్తుకొచ్చింది. తెరలో డాక్టరమ్మ హిమజ మొహం కనపడింది. చందమామ మీదే అవతలి గుంటలోని ఊళ్ళో ఉంటుంది ఆమె, మూడు ఊళ్ళకు ఒక్క డాక్టరు.

"ముందు పట్టీ పీకెయ్యండి. ఆ చోటు తడిగుడ్డతో తుడవండి. ఎర్రపెట్టెలో ముక్కు మందుంది, ఒక ముక్కులో కొట్టండి" అంది. ఆయా కొట్టింది. కాసేపటికి అక్క పెద్దగా ఊపిరి లాగి, కళ్ళు తెరిచి, నన్ను చూసి, "ఏందే ఆ కొట్టడం, సచ్చిందానా" అంది.

నేను నేల మీద కూలబడి ఏడ్చాను. కడియం ఎర్రగా వెలుగుతూనే ఉంది.

"ఎవరూ పక్కనుంచి లేవొద్దు" అని తెరలోంచి డాక్టరమ్మ అంటోంది. "ముక్కు మందు తొందరగా తగ్గిపోతుంది, పట్టీ మందు ఒంట్లో ఇంకా ఉంటుంది. పైగా ఇది పట్టీకే విరుగుడు. చుక్కలకు కాదు."


నాలుగో పలక
ఎనిమిదో నాడు

పరంజ్యోతి పొద్దున్నే వచ్చాడు. అక్కను విశ్రాంతి గదిలోకి మార్చేశాడు. అద్దాల గది అది. అక్కడ మందులు అడిగి ఇవ్వరు, వేళకు వాటంతట అవే దిగుతాయి. లోపలికి పోయినవాళ్ళు తిరిగి మంచానికి వచ్చింది నేను చూడలేదు. నన్ను ఆ తలుపు దగ్గరికి రావద్దన్నాడు. సభ ఒప్పుకుంటే ఇదే ఖాయమట.

"నీ కాపడమే అవ్వా ఆమె ప్రాణం మీదికి తెచ్చింది. డాక్టరమ్మే సెప్పింది. పట్టీ మీద వేడి పెట్టగూడదు."

"ఆమె నోటితో నాకు సెప్పించు."

తెర పెట్టాడు. డాక్టరమ్మ దాచలేదు. మూడు రోజుల పాటు దిగాల్సిన మందు, వేడికి చర్మం కింద నెత్తురు పరిగెత్తి ఒక్క పూటలో దిగిపోతుందట. మామూలు మనిషికే ప్రమాదం, ఊపిరి జబ్బున్న పెద్దవాళ్ళకు మరీనట. దుప్పటి వేడీ, జ్వరం వేడీ కూడా అంతేనట.

నా చేతులే, నా రాయే. ఎస్తేరూ, ఇది స్పష్టంగా రాయి, తర్వాత ఎవరూ నేను దాచానని అనకూడదు: పట్టీ మీద వేడిపలక పెట్టింది నాసరమ్మే.

తర్వాత తెర వైపు తిరిగాను. "ఈ మాట పట్టీ వేసిననాడు ఎవురన్నా సెప్పారా డాక్టరమ్మా?"

"తెర మీద వస్తుంది కదమ్మా, వేడి తగలనివ్వకండి అని. ఆవిడ సరే అన్నాకే పట్టీ వేస్తారు."

"తెర మీద అక్షరాలు. మా అక్కకు అక్షరాలు రావు. ఆమె దేనికైనా సరే అంటది. ఇదే శాలలో మంచం మంచానా కాపడం పెట్టుకునే ఆడోళ్ళం ఉండాం. నోటితో ఒక్క మాట, 'అమ్మా, దీని మీద వేడి పెట్టొద్దు' అని ఒక్క మాట అంటే మీ సొమ్మేం పోయేది?"

డాక్టరమ్మ తలదించుకుంది. "అనాల్సింది" అంది.

"ఇంకోటి. కాపడంతోనే ఆగిపోయిందా ఊపిరి? సుక్కల ముందర లేచి కూసుంది, దగ్గింది, నాతో మాట్టాడింది. సుక్కలు పడ్డాకే పడుకుంది."

"రెండూ కలిశాయి. ఆ రెండు మందులూ ఊపిరిని మందగింపజేసేవే. ఒకటుండగా రెండోది ఇవ్వాలంటే మనిషి వచ్చి చూసి ఇవ్వాలి. అట్లాగే పెట్టాను నేను. గంట మోగుతుంది, ఎవరో ఒకరు వచ్చి చూడాలి." పరంజ్యోతి వైపు చూసింది. "మోగింది కదా?"

పరంజ్యోతి ఏదో పని ఉన్నట్టు తెర ఆపేశాడు.


ఐదో పలక
పదో నాడు

రెండు రోజులుగా నాకు నిలకడ లేదు. విశ్రాంతి గది అద్దం దగ్గరికి పోతాను, ఆయా తరుముతుంది. నీళ్ళగదికి పోతాను, ఏం పనీ ఉండదు, తిరిగొస్తాను. అన్నం ముద్ద చేతిలో పట్టుకుని తిరుగుతాను. లోపల అక్క వెల్లకిలా పడుకుని ఉంది. దుప్పటి కదులుతుందా లేదా అని చూస్తే, అద్దం మీద నా ఊపిరే పొగలా పట్టి చూపు ఆనదు. తుడుస్తాను. మళ్ళీ పడుతుంది.

నేను మంచం దిగినప్పుడల్లా మోగేలా పరంజ్యోతి నా కడియాన్ని మార్చాడు. అది మోగితే ఆయా వస్తుంది. ఇవాళ విసుగెత్తి, సబ్బునీళ్ళు రాసి దాన్ని చేతి నుంచి ఊడలాగాను. ఎక్కడ పెట్టను? నీళ్ళగదిలో వేడిగొట్టం పక్కనే సన్నగొట్టం ఉంది, గోరువెచ్చగా ఉంటుంది. దానికి తగిలించి, దర్జాగా అద్దం దగ్గరికి పోయి నిలబడ్డాను.

ఎవరూ రాలేదు. భోజనాల వేళ దాటింది. అప్పుడు పరంజ్యోతి వచ్చాడు, వాడి వెనక డాక్టరమ్మ. తెరలో కాదు, మనిషే. అవతలి గుంట నుంచి బండిలో వచ్చింది, బూట్ల మీద దుమ్ము ఇంకా తుడుచుకోలేదు.

"అవ్వా, నువ్విక్కడేం జేస్తన్నావ్?" అన్నాడు పరంజ్యోతి. "పొద్దున్నుంచీ మంచం మీద నిద్రపోతన్నావని సూపిస్తాంది."

"పోయి సూడు, యాడ నిద్రపోతన్నానో."

ముగ్గురం నీళ్ళగదికి పోయాం. గొట్టానికి వేలాడుతున్న కడియం మీద పచ్చచుక్క. డాక్టరమ్మ దాన్ని పట్టుకుని, "తోడూ, నాసరమ్మ గారు ఎలా ఉన్నారు?" అంది.

"నాసరమ్మ గారు ప్రశాంతంగా ఉన్నారు" అంది గోడ.

డాక్టరమ్మకు నవ్వు వచ్చింది. ఫక్కున నవ్వింది కూడా. నేనూ నవ్వాను. ఆ నవ్వు సగంలో ఉండగానే ఆమె మొహం మారిపోయింది.

"పరంజ్యోతీ, ఇది ఊపిరి లెక్కపెట్టడం లేదా?"

"లేదు మేడం. ఇయ్యి పాతవి. వేడీ, కదలికా, గొంతూ, అంతే. ఊపిరి చూసేవి తర్వాతి ఓడలో వస్తాయన్నారు. ఓడలు వచ్చిపోతానే ఉన్నయ్."

"మరి గంట? నేను పెట్టిన గంట?"

"ఆపేశాను మేడం. పగలూ రేయీ మోగేది. ఒకరి దగ్గరికి ఉరికితే ఇంకొకరిది మోగేది. ఆయాలు ఉద్యోగం మానేస్తామన్నారు. గంట లేకపోతే తోడు ఇచ్చేస్తది, అందరూ నిమ్మళంగా పడుకుంటన్నారు గదా అనుకున్నా." గొంతు తగ్గించాడు. "కాశయ్య తాత పోయిననాడు అనుమానమొచ్చింది. అయినా మళ్ళీ పెట్టలేదు."

నేను వాణ్ణి కొట్టాలనుకున్నాను. చెయ్యి కూడా ఎత్తాను. ఊపిరి అందక చెయ్యి దించి, గోడ పట్టుకుని వంగిపోయాను. వాడే నా వీపు మీద చెయ్యి వేసి, "ఊదు అవ్వా, మెల్లగా ఊదు" అన్నాడు.

డాక్టరమ్మ అప్పటికే విశ్రాంతి గదిలోకి పోయింది. అద్దంలోంచి చూశాను. అక్క పొట్ట మీద చెయ్యి పెట్టి, గడియారం చూస్తూ నిలబడింది. తర్వాత తలాపి గొట్టాన్ని మెలితిప్పి మూసేసింది. మంచం తల వైపు ఎత్తి, అక్కను కూర్చోబెట్టింది. మా వైపు తిరిగి చెయ్యి ఊపింది, రమ్మని.


ఆరో పలక
పదమూడో నాడు

అక్క నా పక్క మంచానికి వచ్చేసింది. డాక్టరమ్మ తన మాట మీద తెచ్చింది, సభ చెప్పేదాకా ఇక్కడే ఉండాలని. సన్న పట్టీ వేశారు, మొదటిదాంట్లో సగం కూడా లేదు. కాపడం వీపుకు పెట్టుకోవచ్చు, పట్టీ ఉన్న వైపు మాత్రం వద్దు. అది నోటితో చెప్పారు, నాకూ, మస్తాన్‌బీకీ, మంచం మంచానికీ తిరిగి చెప్పారు. చుక్కలు ఆపేశారు.

ఆపేశారు కదా అని నేను పండగ చేసుకున్నాను. మర్నాడే నా నోరు మూతపడింది.

చుక్కలు లేకపోయేసరికి అక్కకు భయం పట్టుకుంది. ఆయాసం కాదది. ఆయాసం తగ్గి, ఊపిరి బాగానే ఆడుతున్న వేళ వచ్చింది. నా చెయ్యి పట్టుకుని గోళ్ళు దిగేలా నొక్కింది. "నేను సచ్చిపోతనే నాసరా. మొన్న పోయి వచ్చిన. ఆడ ఏమీ లేదే. ఆ సుక్కలన్నా ఇప్పించవే, నీ కాళ్ళు మొక్కుతా." గాబరా వేరని, అది మాకు లేదని నేనే కదా ఊరంతా అరిచింది. ఉంది. ఆయాసం మీద పెరిగిన గాబరా, చావును చూసి వచ్చిన గాబరా. అది మందు అడిగే జబ్బే.

డాక్టరమ్మను పిలిపించాను. వచ్చి ముందు ఊపిరి చూసింది, అక్కతో మాట్లాడింది, ఏమేం భయమో అడిగింది. అంత సేపు అక్కను ఎవరైనా ఏదైనా అడగడం నేను చూడలేదు. ఆఖర్న ఒకే ఒక్క చుక్క వేసింది. వేసి వెళ్ళిపోలేదు. స్టూలు లాక్కుని కూర్చుంది, చెయ్యి అక్క పొట్ట మీదే ఉంచింది. అక్క పడుకుంది, తల ఎత్తుగానే ఉంది, ఊపిరి వస్తూ పోతూ ఉంది. డాక్టరమ్మ కునికింది. నేను కునకలేదు.

రేపు సభ. సభలో కూర్చునే పెద్దలకు నేను చెప్పేది ఇది.

మందులు తీసెయ్యమని నేను అడగడం లేదు. నొప్పితో మూలుగుతూ చావడం నాకు గొప్పగా లేదు. నొప్పికి ఇవ్వండి, భయానికి ఇవ్వండి. గోడ మాత్రం ఇవ్వకూడదు. మాలాంటి ఊపిరి జబ్బువాళ్ళకు ఒక మందు ఒంట్లో ఉండగా రెండోది వెయ్యాలంటే మనిషి రావాలి, ఊపిరి చూడాలి, వేశాక పక్కన కూర్చోవాలి. వంగి ఊదుకునేవాళ్ళను చూసి ముందు ఊపిరాడుతుందా అని అడగాలి. మమ్మల్ని అడిగేటప్పుడు తెర మీద కాదు, నోటితో అడగాలి, "సరే" అన్నా కూడా ఇంకోసారి అడగాలి. ఇక్కడి ఆడవాళ్ళు ఊరికే సరే అంటారు. మనుషులు చాలరని పరంజ్యోతి అంటాడు. చాలరు, నిజమే. ఊపిరి చూసే కడియాలు వచ్చేదాకా వంతులు వేసుకుని మేమే కూర్చుంటాం. నిద్ర పట్టని ముసలివాళ్ళకు ఈ శాలలో కొదవ లేదు. చెయ్యి పొట్ట మీద ఎలా పెట్టాలో డాక్టరమ్మ నేర్పింది. ఊపిరి తగ్గితే మోగించడానికి ఆ గంట మాకు ఇవ్వండి. ఈసారి దాన్ని ఎవరూ ఆపకూడదు.

విశ్రాంతి గదిలో ఇంకా నలుగురున్నారు. వాళ్ళ పొట్టల మీద ఎవరి చెయ్యి ఉంది? ముందు దానికి జవాబు చెప్పి తర్వాత నా కాపడం సంగతి మాట్లాడండి. దానికి ఏ శిక్ష వేసినా పడతాను. అక్క మంచం మాత్రం నా మంచం పక్కనుంచి కదలకూడదు.

ఇదిగో, నేను ఇది చెబుతుంటే పక్క మంచం మీద కూర్చుని అక్క నన్ను తిడుతోంది. "నా సంగతులన్నీ ఊరికి చాటడానికి నువ్వెవరే" అంటోంది. మా పెళ్ళినాటి సంగతి నుంచీ అందుకుంది. మధ్యలో ఆగి, పెదాలు ముడిచి ఊదుకుని, మళ్ళీ మొదలుపెడుతోంది. ఆపమని ఎస్తేరు అంటోంది, రాయడం కుదరడం లేదట. ఆపకే అక్కా. ఎస్తేరూ, ఆమె తిట్లు కూడా రాయి, ఒక్కటీ వదలకు. అంత పొడుగు తిట్టు తిట్టాలంటే ఎంత ఊపిరి కావాలో సభకు తెలియాలి.

నా బొటనవేలి గీతలు రాతికి అరిగిపోయాయి, ముద్ర పడదు. కోసిన పలకల దొంతి నాదని చెప్పడానికి షెడ్డులో గీసుకునే గుర్తును నా చేత్తోనే ఇక్కడ గీశాను: రెండు నిలువు గాట్లు, వాటి కింద ఒక అడ్డగాటు.

ఇది చాట్ల నాసరమ్మ గుర్తు.

రాసింది: దార్ల ఎస్తేరు, బడి పంతులమ్మ. చెప్పింది చెప్పినట్టు రాసి, చదివి వినిపించాను. తిట్లు విడిగా ఏడో పలకలో ఉన్నాయి.

సాక్షులు:
షేక్ మస్తాన్‌బీ, పక్క మంచం
సంకా పరంజ్యోతి, శాల ఇన్‌చార్జి. ఐదో పలకలో నా గురించి ఉన్నది నిజం.